సెమిసి కట్టిన డిష్, మేనత్త సీమపనస

సెమిసి చేతిలో పడ్డ వస్తువు విప్పకుండా బయటికి రాదని దీవిలో అందరూ అంటారు. పడవ మోటార్లతో మొదలుపెట్టాడు. తర్వాత రేడియోలు, ఆ తర్వాత చర్చి లౌడ్‌స్పీకర్లు. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. విప్పడం, చెడగొట్టడం, మళ్లీ బాగుచేయడం, అదే అతని చదువు. మాట తక్కువ. పని బాగుంటే మనిషి మాట్లాడనక్కర్లేదని అతని నమ్మకం.

అందుకే నీళ్లకు అవతల ఉన్న నెయియాఫు రేవు కొండ మీది నుంచి ఊరికి ఇంటర్నెట్ తెచ్చే డిష్ బిగించే పని అతనికే అప్పగించారు. చర్చి హాలు పక్కన స్తంభం పాతి, డిష్‌ను నీళ్ల మీదుగా కొండవైపు తిప్పి, గాలివానకు కూడా కదలకుండా బిగించాడు. డిష్ వచ్చిన పెట్టె మీద వేగం ఇరవై అని ఉంది. "ఇరవై వస్తుంది" అని ఊరిపెద్ద కలాఫికి మాటిచ్చాడు.

కలాఫి హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని కీర్తనల వీడియో ఒకటి దించుకున్నాడు. తెర మీద అంకె రెండున్నర దాటలేదు.

ఆ సాయంత్రం కావా వేరు పిసికి కలిపిన పానీయం గిన్నె చుట్టూ అందరూ చేరినప్పుడు కలాఫి అందుకున్నాడు.

"ఏమయ్యా సెమిసీ, ఇరవై పందుల్ని తోలుకొస్తానని వెళ్లి రెండున్నర తెచ్చావే! మిగతావి దారిలో కాల్చుకు తిన్నావా?"

"ఆ అర పంది తలవైపుదా, తోకవైపుదా?" అన్నాడు ఇంకొకడు.

అందరూ పగలబడి నవ్వారు. సెమిసి చిప్పలో కావా ఒక్క గుక్కలో తాగేసి లేచిపోయాడు.

మర్నాడు స్తంభమెక్కి కేబుళ్ల చివర్లన్నీ కోసి కొత్తగా బిగించాడు. నీళ్లు దిగాయేమోనని ప్లగ్గులు విప్పి తుడిచాడు. డిష్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి చూశాడు. రెండున్నరే. తన చెయ్యి తప్పిందా? వయసుతో వేళ్లు మొద్దుబారాయా?

పైనుంచి దిగబోతూ కొండవైపు చూశాడు. డిష్‌కూ కొండకూ మధ్య, సిగ్నల్ వచ్చే దారికి కాస్త కిందుగా, మేనత్త కలొలైన్ పెరట్లో సీమపనస చెట్టు. తడి ఆకులు వేగాన్ని మింగేస్తాయని అతనికి తెలుసు. ఇంకేం మిగిలింది, అదే అయ్యుండాలి.

కానీ మేనత్త చెట్టు! నాన్న తోబుట్టువు ముందు గొంతు పెంచడమే తప్పు. అలాంటిది, పెళ్లయి వచ్చిన ఏడు ఆమె తన చేత్తో నాటుకున్న చెట్టు. తుపాను ఊరంతా ఊడ్చేసిన ఏడాది ఆ చెట్టు కాయలే ఈ వీధికి అన్నం పెట్టాయి. అడగడానికి సెమిసికి నోరు రాలేదు. కలాఫితో మాత్రం అన్నాడు. అతను చెప్పాడు కాబోలు, ఆమే కబురు పెట్టింది.

"ఊరికి అడ్డమైతే కొట్టెయ్ రా" అంది మొహం పక్కకు తిప్పుకుని. "కాయలు దించాకే. పచ్చికాయల మీద రంపం పెట్టావంటే నీ చేతులు విరుస్తా."

శనివారం పొద్దున్నే చెట్టెక్కాడు. కాయలన్నీ దించి, ఒక పక్క కొమ్మకు రంపం ఆనించాడు. రంపం నాలుగు పళ్ల లోతు దిగింది. బెరడులోంచి పాలు కారాయి. చెయ్యి ఆగింది.

కింద, ఆదివారం విందుకు మట్టిపొయ్యి తవ్వుతున్నారు. అతని భార్య లెసియెలి కొబ్బరికాయలు మోసుకొచ్చి కుప్ప పోసింది. ఆమె రాజధానిలో పుట్టి పెరిగిన మనిషి.

"ఇదేంటే, సగమే తెచ్చావు?" అంది కలొలైన్.

"ముప్పై అన్నావుగా అత్తా. లెక్కపెట్టుకో, ముప్పై ఉన్నాయి."

"ఇవి మీ పట్నం ముప్పై. మా ముప్పై ఎక్కడ? కొబ్బరికాయలు జతలుగా లెక్కపెడతారని మీ అమ్మ చెప్పలేదూ?"

"మా బజార్లో ఒక్కొక్కటే లెక్క అత్తా."

"అందుకే మీ పట్నం వాళ్ల అంకెలు పెద్దవి, బుట్టలు చిన్నవి!"

సెమిసి రంపం కొమ్మకే వదిలేసి జర్రున దిగాడు. మోకాలు గీరుకుంది, చూసుకోలేదు.

"ఎక్కడికిరా?"

"లెక్క చూసొస్తా అత్తా."

హాల్లో ఆ వీడియోనే మళ్లీ దించడానికి పెట్టి, పక్కనే డిష్ సొంత అంకెలు చూపించే పేజీ తెరిచాడు. కంప్యూటర్ లెక్క రెండున్నరకు కాస్త తక్కువ. అదే క్షణంలో డిష్ లెక్క ఇరవైకి కాస్త తక్కువ. ఒకే నీళ్లు, రెండు కొలతలు. ఇంటర్నెట్‌కు దారి వేసేవాళ్లు బిట్లు లెక్కపెడతారు, ఒక్కొక్క గింజ చొప్పున. కంప్యూటర్ బైట్లు లెక్కపెడుతుంది, ఎనిమిదేసి గింజల మూట చొప్పున. రెండున్నర మూటలు విప్పితే ఇరవై గింజలు. ఎనిమిది బిట్లు ఒక బైట్ అని అతనికి తెలియక కాదు. ఎప్పుడో తెలుసుకుని, అవసరం పడక మరిచిపోయాడు. కేబుళ్లు కోస్తూ కూర్చున్నాడే తప్ప, ఎవరు దేనిలో కొలుస్తున్నారని అడగలేదు.

కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. తన చేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. అవి బాగానే ఉన్నాయి.

కలాఫి వచ్చి రెండు తెరలూ చూశాడు. వేళ్ల మీద ఎనిమిదితో గుణించుకున్నాడు, ఒకసారి తప్పి మళ్లీ మొదలుపెట్టి.

"అంటే ఇరవై పందులూ వచ్చాయన్నమాట."

"వచ్చాయి. నువ్వు దొడ్లు లెక్కపెట్టావు."

"నువ్వు మాత్రం? రంపం పట్టుకుని చెట్టెక్కావుగా!"

సెమిసి రంపం తీసుకురావడానికి వెళ్లాడు.

కోత పడ్డ చోట తడి మట్టి మెత్తి గుడ్డ చుట్టాడు. చెట్టు ఇంకా పెరుగుతుంది కదా, సోమవారం స్తంభానికి మరో పైపు తగిలించి డిష్‌నే పైకి ఎత్తుదామనుకున్నాడు. కలొలైన్ కింద నిలబడి అతను గుడ్డ ముడివేసేదాకా చూసింది. ముంజేత్తో ఒకసారి ముక్కు తుడుచుకుంది.

పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్తూ అంది, "కాయలన్నీ ఎలాగూ దించావు. రేపు కాల్చినవి నీకెన్ని కావాలి?"

"రెండు చాలత్తా."

"జతలా, విడివిడిగానా?"

వారం మొత్తానికి మొదటిసారి సెమిసి నవ్వాడు. "మన లెక్కే" అన్నాడు.