ఆ వీపు నవ్విందన్నారు

మా అక్కని చేసుకున్నప్పటినుంచీ నేను చూస్తున్నాను, మా బావ ఒక్క సినిమానైనా సినిమాలా చూసిన పాపాన పోలేదు. పక్కవాళ్ళని చూడనివ్వనూ లేదు. హీరోయిన్ గ్లాసుడు నీళ్ళు తాగితే మనలాంటివాళ్ళం ఆవిడకి దాహమేసింది కాబోలు అనుకుంటాం. మా బావకి అది దాహం కాదు, అస్తిత్వ వేదన. గ్లాసు సగం నిండి ఉంటే ఒక రకం వేదన, అంచుదాకా ఉంటే ఇంకో రకం. ఖాళీ గ్లాసు కనబడిందా, ఇక ఆ పూట తిండి సంగతి మర్చిపోవలసిందే.

ఆయన కాలేజీలో నాటకాలు బోధిస్తాడు. అక్కడ చాలదన్నట్టు ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం మేడమీది గదిలో పాత నాటకాలనీ పాత సినిమాలనీ విప్పుతాడు. ‘విప్పడం’ అన్నది ఆయన మాటే. నాకైతే చక్కగా నడుస్తున్న గడియారాన్ని ఊడదీసి, మరలన్నీ బల్లమీద పరిచి, ‘ఇదిగో, కాలమంటే ఇదే’ అన్నట్టుంటుంది. కాళ్ళు వంకరపోయిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి మేకులు కొట్టి బిగించిన తెల్ల దుప్పటి, కాగితపు కప్పుల్లో చల్లారిపోయిన టీ. వచ్చేవాళ్ళు డజను మంది ఉంటే ఎక్కువ. అందులో ఒక రిటైరైన జడ్జిగారు, ఒక పళ్ళ డాక్టరు, కవిత్వం రాసే బ్యాంకు మేనేజరు. అందరికీ ఆయన గురువుగారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది మాత్రం నేను. నాకు కరెంటు సామాన్ల కొట్టుంది, పైగా బావమరిదిని. ఆ వెట్టి నా నుదుటిన రాసిపెట్టి ఉంది. ఆయన ‘ఆపు’ అంటే ఆపాలి, ‘వెనక్కి’ అంటే వెనక్కి తిప్పాలి. ఆ గదిలో ఒక్క సినిమాకైనా శుభం కార్డు పడగా నేను చూడలేదు.

ఆ గదికి ఒక నియమం ఉంది. తెరమీద కనబడిందే సాక్ష్యం. తెర బయట జరిగిన ముచ్చట ఎవరూ ఎత్తకూడదు. వాన పడి షూటింగ్ ఆగిందని, హీరోకి జ్వరమొచ్చిందని, అవన్నీ మా బావ లెక్కలో పిచ్చాపాటీ. ఒకసారి పళ్ళ డాక్టరు ఉండబట్టలేక, “ఆ విలన్‌కి పెట్టుడు పళ్ళు జారుతున్నాయండీ, అందుకే మాట మధ్యలో ఆగాడు” అన్నాడు. బావ ఆ ఆగడం మీదే అరగంటనుంచి మాట్లాడుతున్నాడు మరి. ఆయన చూసిన చూపుకి డాక్టరు ఆ తర్వాత చాలా వారాలు కిమ్మనలేదు.

బావకి ఇంత పేరు తెచ్చింది ఒకే ఒక వ్యాసం. ఒక పాత సినిమా ఉంది. ఇల్లు వదిలి పోయిన మొగుడు ఏళ్ళు గడిచాక తిరిగొస్తాడు. ఆఖరి సన్నివేశంలో పెళ్ళాం మనకి వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. వాడు క్షమించమని కాళ్ళావేళ్ళా పడతాడు. ఆవిడ తిరగదు. భుజాలు మాత్రం సన్నగా అదురుతాయి. అంతటితో సినిమా అయిపోతుంది. మా బావ కనిపెట్టింది ఏమిటంటే, ఆవిడ నవ్వుతోందట! అణగారిన స్త్రీ లోలోపల అణచుకున్న విజయహాసమట. ముఖం చూపిస్తే ప్రేక్షకుడు ఆవిణ్ణి జాలిపడి సొంతం చేసుకుంటాడు గనక, దర్శకుడు మహానుభావుడు, వీపు మాత్రమే చూపించాడట. ఈ ముక్కని ఇరవై పేజీలు సాగదీశాడు. దాన్ని తీసుకెళ్ళి కాలేజీ పిల్లల పుస్తకంలో పాఠం చేశారు. టైపు చేసింది మా అక్క. అందులో ఏముందక్కా అని అడిగితే, “వీపు అన్నమాట చాలాసార్లు ఉందిరా” అంది. ఇంట్లో అక్క ఆయనకి వీపు తిప్పి నిలబడితే మాత్రం, కూర మాడుతోందేమో చూసుకుంటోంది అనుకుంటాడు.

మా కొట్టుకి రెండు వీధుల అవతల ఒక ముసలావిడ కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం ఆవిడ పని. అందరూ మిషనమ్మ అంటారు. మా బావ ప్యాంట్లన్నీ అక్కడికే వెళ్తాయి, ఆయన పొట్ట పెరిగినప్పుడల్లా. ఒకరోజు నేను ఆయన ప్యాంటు ఇవ్వడానికి వెళ్ళేసరికి అమ్మమ్మా మనవరాలూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. మనవరాలు కాలేజీలో చదువుతోంది. పరీక్షలో ‘నాయిక ఎందుకు వీపు తిప్పింది?’ అన్న ప్రశ్నకి, ఏడుస్తూ ఉంది గనక అని రాసి సున్నా తెచ్చుకుంది. అలా రాయమన్నది అమ్మమ్మేనట.

మీకెలా తెలుసమ్మా అన్నాను. ఆ వీపు తనదేనంది.

నేను నమ్మలేదు. తెరమీది ఆ పడుచు ముఖానికీ ఈ ముడతల ముఖానికీ ఎక్కడా పోలిక దొరకలేదు. ఆవిడ దారం తెంపుకుంటూ, సాదాగా చెప్పుకుపోయింది. వయసులో ఉండగా నాటకాల్లో చిన్నా చితకా వేషాలు వేసేదట. సినిమాలో ఒకే ఒక్క అవకాశం, అదే ఆ పెళ్ళాం వేషం. ఆఖరి సన్నివేశం ముఖం చూపిస్తూ తీయాలి. కన్నీళ్ళు రావాలి. ఎంతసేపటికీ రాలేదు. వెలుతురు పోతోంది, మర్నాడు సెట్టు పీకేస్తారు. దర్శకుడు విసురుగా వచ్చి, అందరి ముందూ చెంపమీద కొట్టాడు. ఒకసారి కాదు. చెంప వాచిపోయింది, కన్ను మూసుకుపోయింది. ఇక ముఖం తెరకి పనికిరాదు. ‘దీన్ని అటు తిప్పి నిలబెట్టండి’ అన్నాడట. నిలబెట్టారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ ఛాయలకి పోలేదు.

ఆవిడకి దెబ్బ బాధ ఎప్పుడో పోయిందిట. ఇప్పుడు బాధల్లా మనవరాలు. కూతురు పోయాక మిషను తొక్కి పెంచుకున్న పిల్ల. ఆ పిల్ల సున్నా పెట్టిన కాగితం ముఖాన కొట్టినట్టు చూపించి, పుస్తకంలో నవ్వింది అనే ఉంది అమ్మమ్మా, నువ్వు గొప్పకి కథలు చెప్తున్నావు అందట. చుట్టాలెవరైనా అంటే ఆవిడ దులిపేసుకునేది. సొంత మనవరాలు తనని అబద్ధాలకోరు అనుకోవడం మాత్రం మింగుడుపడలేదు. ఆ నవ్వు అన్న మాట పుస్తకంలోంచి తీయించగలవా బాబూ అని అడిగింది. రాసినాయన మా బావే, ఆదివారం రండమ్మా అన్నాను.

ఆ ఆదివారం ఆ సినిమానే వేశాం. మిషనమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆఖరి సన్నివేశం దగ్గర బావ ఎప్పటిలాగే ఆపు అన్నాడు. తెరమీద వీపు నిలిచిపోయింది. ఆయన కర్రపుల్లతో ఆ భుజాలని చూపిస్తూ, ఈ అదురులో ఉన్న వెటకారాన్ని గమనించండి అన్నాడు. అప్పుడు ఆవిడ లేచింది. నాకు చెప్పిందంతా అక్కడా చెప్పింది. గొంతు పెంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు.

మనిషన్నవాడు ఏం చేస్తాడు? అయ్యో అంటాడు. కనీసం కర్రపుల్ల కింద పెడతాడు. మా బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఏడ్చింది మీరు. పాత్ర ఏడవలేదు.”

“ఆ పాత్రకి వేరే కళ్ళున్నాయా బాబూ?” అంది మిషనమ్మ.

జడ్జిగారు దగ్గి సర్దుకుని, సాక్ష్యం ఆసక్తికరమే గానీ నియమం ప్రకారం చెల్లదన్నాడు. తీర్పులు చెప్పే అలవాటు పెన్షనుతో పోతుందా! కవి మేనేజరు ఎటూ తేల్చకుండా నీళ్ళు నమిలాడు. పళ్ళ డాక్టరొక్కడే లేచి ఆవిడకి మంచినీళ్ళిచ్చాడు. మనవరాలు తల దించుకుంది. అమ్మమ్మ నిజం చెప్పిందనుకుందో, పదిమందిలో పరువు తీసిందనుకుందో నాకు తెలియలేదు. బావ మాత్రం ఈ విషయం పరిశీలిస్తానమ్మా అన్నాడు.

ఇంటికెళ్ళాక మా అక్క ఆయనకి అన్నం వడ్డించి, ఆవిడ అడిగినట్టు ఆ నవ్వు అన్న మాట ఒక్కటి దిద్దితే మీ సొమ్మేం పోతుంది అని అడిగింది. సిద్ధాంతం పోతుంది అన్నాడట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాణ్ణి చూశాం. ఈయన నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా అది కుందేలుది కాదంటాడు.

అయితే వారం తిరక్కుండా మనిషిలో మార్పొచ్చింది. స్వయంగా మిషనమ్మ కొట్టుకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఎదురుగా స్టూలు మీద కూర్చుని అన్నీ అడిగాడు. ఏ చెంప, ఏ చెయ్యి, ఎంత గట్టిగా. పాఠం కొత్త ముద్రణకి వెళ్తోందనీ, ఆవిడ చెప్పింది చేరుస్తున్నాననీ అన్నాడు. ఆవిడ సంతోషపడి ఆయన చొక్కా గుండీ ఊడి ఉంటే అప్పటికప్పుడు కుట్టి ఇచ్చింది. నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. మా బావలో ఎక్కడో ఓ మూల మనిషి మిగిలే ఉన్నాడనుకున్నాను. మనవరాలు కూడా మెత్తబడింది. పుస్తకంలో వస్తుందా, అయితే నిజమేనన్నమాట అందట. ఆ పిల్లకి అచ్చులో పడితేనే నిజం. ఆ చదువు అలాంటిది.

కొత్త ముద్రణ విడుదల కాలేజీ హాల్లో పెట్టారు. హాలు నిండింది. మిషనమ్మని వేదికమీద నడి కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో పూలగుత్తి పెట్టారు. ఆవిడ ఇస్త్రీ చేసిన మంచి బట్టలు కట్టుకుని, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. మనవరాలు మొదటి వరసలో మా అక్క పక్కన. మైకు, స్పీకర్ల పని నాదే.

బావ చదవడం మొదలుపెట్టాడు. దెబ్బ సంగతి వచ్చింది. ఆవిడ తల ఎత్తింది. వాచిన చెంప వచ్చింది. మనవరాలు అమ్మమ్మ వంక చూసింది, చాలా రోజుల తర్వాత సూటిగా. అక్కడ ఆగినా బాగుండేది.

ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? “ఈ చెంపదెబ్బ మన నటనా చరిత్రలో కంటికి కనబడని మహత్తర ఘట్టం” అని చదివాడు. దర్శకుడి చెయ్యి నటిని చెరిపేసి పాత్రని పుట్టించిందట. ఆ దెబ్బే లేకపోతే మామూలు ఏడుపు సినిమా అయ్యేదట. నటి ఏడుపు చర్మాన్ని దాటి తెరమీదికొచ్చేసరికి నవ్వుగా పరిణమించిందట. నవ్వు! అదెక్కడికీ పోలేదు, ఇంకా బలిసింది. ఆ చేతికి మనం రుణపడి ఉన్నాం అంటూ కాగితాలు మడిచాడు.

హాలు హాలంతా చప్పట్లు. జడ్జిగారు తల ఊపుతూ కొట్టాడు. కవిగారు లేచి నిలబడి కొట్టాడు. మా అక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చప్పట్లు ఆగేదాకా ఆగి, మా బావ ఎంతో వినయంగా మైకు తీసుకెళ్ళి, రెండు మాటలు చెప్పండమ్మా అని మిషనమ్మ నోటి దగ్గర పెట్టాడు.

ఆవిడ కాసేపు జనం వంక చూసింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా.

“ఇన్నేళ్ళూ నన్ను ఒక్కడే కొట్టాడనుకున్నాను” అంది.

మనవరాలు లేచింది. మెట్లెక్కి వేదికమీదికెళ్ళి, అమ్మమ్మ ఒళ్ళోంచి పూలగుత్తి తీసి కుర్చీలో పెట్టింది. “పద అమ్మమ్మా” అని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నెమ్మదిగా మెట్లు దిగి, వరసల మధ్యనుంచి గుమ్మం వైపు నడిచారు. మా అక్క వాళ్ళ వెనకే వెళ్ళింది.

వాళ్ళు సగం దూరం వెళ్ళేసరికి హాలు మళ్ళీ చప్పట్లతో మోగిపోయింది. ఎంత గొప్ప మాట అన్నది అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. మొదట చప్పట్లు కొట్టింది మా బావే.