నూకరాజు కట్టిన బ్రేకులు

2022, వానలు వెనకపట్టిన రోజులు. అరకులో సంత జరిగే రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. కాఫీ బస్తాలు మోసే బళ్లు, టూరిస్టులు అద్దెకు తీసుకునే స్కూటర్లు ఎన్నో వచ్చేవి గానీ, పాతకాలం మోటారుసైకిలు మాత్రం ఒక్కటే. అది కొండ మీద ఊళ్లో కాఫీ రైతు దాసన్నది. వాళ్ల నాన్న కొన్న బండి. దాని చప్పుడు మలుపు అవతల వినబడగానే చేతిలో పని ఆపేసి గుమ్మంలోకి వచ్చేవాణ్ణి. బండి దాసన్నదే అయినా, నాదే అనుకునేవాణ్ణి.

ఆ బండికి బ్రేకులు అరిగిపోయాయి. పాత బళ్లకి చక్రం మధ్యలో డ్రమ్ అని ఇనప గిన్నెలాంటిది ఉంటుంది. లోపల రెండు బ్రేక్ షూలు విచ్చుకుని దాన్ని ఒరుసుకుంటే బండి ఆగుతుంది. షూ మీద ఉండే పట్టీని లైనింగ్ అంటాం. దాసన్న బండికి అది అరిగి ఇనుము తేలిపోయింది. తేలదా మరి? పెట్రోలు కలిసొస్తుందని కొండ దిగేటప్పుడు ఇంజను కట్టేసి న్యూట్రల్‌లో జారుకుంటూ వస్తాడు. మా కొండల్లో అందరిదీ అదే అలవాటు. ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

"ఈ మోడల్ షూలు ఇప్పుడు రావు దాసన్నా. పాతవి పనికిరావు. ఇంకో బండివి అరగదీసి ఏద్దాం," అన్నాను. తలూపి వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి అదే బండి మీద నా షెడ్డు ముందు నుంచి జుయ్యిమని పోయాడు. టీ బడ్డీ దగ్గర తెలిసింది, ఘాట్ కింద ఎస్.కోటలో నూకరాజు దగ్గర బ్రేకులు కట్టించాడట. నూకరాజు పాత బళ్లే చేస్తాడు, వాడి వీడియోలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా ప్లగ్గు దగ్గర్నుంచి చైను దాకా చూసుకున్నది నేను, పేరు వాడికా? అన్నం కూడా సయించలేదు. "సవితి వచ్చినట్టు ఆ మొకం ఏటి?" అని మా ఆవిడ నవ్వింది.

ఒక ఉదయం దాసన్న బండి షెడ్డు ముందు ఆగింది.

"మేస్త్రీ, ఓపాలి చక్రం ఇప్పి సూడు. ఎల్లుండి మా ఆడగుంటని ఇజీనారం కాలేజీలో దింపాల. తాత బండి మీదే ఎల్తానని కూకుంది. దాన్ని ఎనకాల ఎట్టుకుని ఘాట్ దిగాల."

"ఏం, నూకరాజు సేసింది పట్టట్లేదా?" సంతోషం దాచుకోవడం నా వల్ల కాలేదు.

"ఏటో, గట్టిగా పట్టినట్టు నేదు. నువ్వు సూడు."

నాకు పండగే. చక్రం విప్పి, వాడి తప్పు ఎక్కడ దొరుకుతుందా అని టార్చి వేసి మరీ వెతికాను. లైనింగ్‌ని షూకి బిగించే రాగి రివెట్లు లోతుగా దిగి ఉన్నాయి, డ్రమ్‌ని గీకవు. గాడులు పడిన డ్రమ్‌ని లేత్ మీద నునుపు చేయించాడు. షూలని తెరిచే కామ్‌కి గ్రీజు రాసీ రాయనట్టు రాశాడు, ఎక్కువైతే వేడికి కారి లైనింగ్ మీద పడుతుంది. ఇక షూలంటారా, నేను పనికిరావన్న ఆ పాతవే! వాటికే కొత్త లైనింగ్ కట్టాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. ఆ చేతులు నాకెందుకివ్వలేదురా దేవుడా అనిపించింది.

అయినా వదల్లేదు. డ్రమ్ లోపల సుద్దముక్క రుద్ది, చక్రం ఎక్కించి తిప్పి, బ్రేకు పట్టి మళ్లీ విప్పాను. లైనింగ్‌కి తెలుపు మధ్యలోనే అంటింది, చివర్లకి అంటలేదు. దొరికాడు! లైనింగ్ డ్రమ్‌కి పూర్తిగా ఆనడం లేదు. ఒక్కడే పోతుంటే బండి ఆగుతుంది గానీ, ఇద్దరితో ఘాట్ మలుపుల్లో ఆగదు.

"బండి ఇచ్చేటప్పుడు నూకరాజు ఏటైనా సెప్పాడా?"

"కొన్నాళ్లు సదును రోడ్డు మీద మెల్లగా తోలమన్నాడు. అప్పుడు బ్రేకు కుదురుకుంటాదట. మా ఊళ్లో సదును రోడ్డు ఎక్కడుంది మేస్త్రీ?"

నా సంబరం అక్కడే చల్లారిపోయింది. వాడు చెప్పాల్సింది చెప్పాడు. కింద పల్లంలో అయితే మెల్లగా తోలుతుంటే లైనింగ్ అదే అరిగి సాపవుతుంది, ఇక్కడ చేత్తో చెయ్యాలి. తెలుపు అంటిన చోట గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ సుద్ద పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. మధ్యాహ్నం దాటిపోయింది. లైనింగ్ అంతటా తెలుపు అంటాక చక్రం బిగించి, దాసన్నని వెనకాల కూచోబెట్టుకుని వాలులో తోలి చూశాను. పట్టిన చోట ఆగింది.

"గేర్లోనే దిగు. న్యూట్రల్ చేశావంటే నీ గుంట మీదొట్టు," అన్నాను.

"అలాగే గానీ, నూకరాజు పని ఎలాగుంది?"

పాడు చేశాడని ఒక్క మాటంటే చాలు, ఆ బండి ఇంక నూకరాజు దగ్గరికి పోదు. మాట నోటిదాకా వచ్చింది.

"బాగుంది," అన్నాను. దాసన్న ఇంకా నా మొహమే చూస్తున్నాడు. "నాకన్నా బాగుంది, సరేనా!"

దాసన్న నవ్వేశాడు. "హమ్మయ్య! ఆడంటే నీకు కుళ్లని సంతంతా తెలుసు. అందుకే నీకాడికి తెచ్చాను. నా గుంట కూకునే బండిలో తప్పుంటే నీకన్నా బాగా ఎవుడు ఎతుకుతాడు?"

సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ కుళ్లు ఇప్పటికీ పోలేదు, వాడి వీడియో కనబడితే ఫోను బోర్లా పెట్టేస్తాను. కానీ దాసన్న మాట మాత్రం పట్టుకున్నాను. ఏ బండికి బ్రేకులు కట్టినా, ఇచ్చేముందు చక్రం ఇంకోసారి విప్పుతాను. అది నూకరాజు కట్టాడనుకుని చూస్తాను.