‘లేవవే రాజక్క’ పాట వెతుక్కుంటూ కాటారం దాకా

మా జనగామ కుర్రాళ్లు ఇద్దరు, బయటివాళ్లు ఇద్దరు కలిసి తెచ్చిన మొదటి ఆల్బం ఇది. రాక్ డ్రమ్స్ పక్కన డప్పు, అమెరికా పల్లెల కంట్రీ పాటల తీరులో గిటారు, మధ్యలో మన పొలం పాటల వరసలు. అన్నిట్లో నాకు బాగా పట్టింది ‘లేవవే రాజక్క’. నిదానంగా సాగే ఆ పాట వింటే మనింట్లోనే ఎవరో పోయినట్టు ఉంటుంది. ఎవరు కట్టారో చూద్దామని ఆల్బం వివరాలు తెరిచాను. చప్పట్లు కొట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి. స్టూడియోకు చాయ్ తెచ్చినాయనకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఈ పాట దగ్గర మాత్రం ‘జానపదం’ అని ఒక్క మాట. ఒళ్లు మండింది. ఆదివారం వస్తూనే బయల్దేరాను.

ఆ నలుగురిలో గిటారు వాయించే సందీప్ ఉండేది కురవిలో. జనగామలో పొద్దున్నే రైలెక్కితే టిఫిన్ల వేళకు మహబూబాబాద్‌లో దిగొచ్చు, జనరల్ టికెట్ వంద లోపే. స్టేషన్ బయట కురవికి షేర్ ఆటోలు ఉంటాయి. సందీప్ మంచి పిల్లాడే, ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. పోయిన ఎండాకాలం కాటారం దగ్గర బీడీలకు తునికాకు కోసే ఆడవాళ్లు పాడుతుంటే ఆ పాటను ఫోన్లో రికార్డు చేశాడట.

“పాడినామె పేరేంది?” అన్నాను.

“అడగలేదక్కా. జానపదం గదా, ఎప్పటిదో ఉంటది. ఎవరి పేరు పెడ్తం?”

“మరి రాజక్క ఎవరు?”

“ఎవరో సచ్చిపోయినామె అయి ఉంటది. లేవవే, లేవవే అని ఏడుస్తున్నరు గదా. అందుకే స్లో చేసినం.”

ఎదురుగా నిలబడి పాడుతున్న మనిషిని పేరు అడగడానికి నోరు రాకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ రికార్డింగు నా ఫోన్లోకి పంపించుకుని, చాయ్ సగంలో వదిలి లేచాను.

మహబూబాబాద్ నుంచి బస్సులో వరంగల్, హనుమకొండలో మారి పరకాల మీదుగా భూపాలపల్లి, అక్కడ ఇంకోటి పట్టుకుంటే కాటారం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు మర్చిపోకండి. భూపాలపల్లి బస్టాండు దగ్గర తిన్న మిర్చి బజ్జీలే ఆ రోజు నా భోజనం. ఆ కోపంలో కారం కూడా తెలియలేదు. కాటారంలో దిగేసరికి మూడు దాటింది. కూరగాయలమ్మే ఒకావిడకు రికార్డింగు వినిపిస్తే, “మా ఎల్లవ్వ గొంతు గదా గిది” అని ఇల్లు చూపించింది.

వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. నేను వచ్చిన పని చెప్పగానే ఎల్లవ్వ చేతిలో రాయి పక్కన పెట్టింది.

“గా ఫోన్ల పాటనా? గది వచ్చిన కాన్నుంచి మా ఊళ్లె పోరగాండ్లు ఏమంటున్నరో ఎరుకనా? అవ్వా, ఫోన్ల ఇని మంచిగ నేర్సినవ్ అంటున్నరు. నేను కట్టిన పాటకు నేనే దొంగనైన.”

“పాట నువ్వే కట్టినవా అవ్వా?”

“నేనే. గీ రాజక్క మీద కట్టిన.” పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది. “పొద్దు పొడవకముందే ఆకుకు పోవాలె. గిది లేవది. ఇంటి ముందట నిలబడి పాడితె, సిగ్గుకు లేసేది.”

రాజక్క నా వైపు తిరిగింది. “పాట ఇని మా చెల్లె పరేషాన్ అయింది బిడ్డా. అక్కా, నీ మీద చావు పాట ఎందుకొచ్చిందే అని ఫోన్ చేసింది. పండుకున్న మనిషిని సంపిండ్రు గదా.”

ఎల్లవ్వ పాడి చూపించింది. అది గబగబా పరుగెత్తే పాట. ‘మంచమన్న లేసిపాయె, నువ్వు లేవకపోతివి’ అన్న చోట రాజక్కతో సహా ముగ్గురం నవ్వాం. ఆల్బంలో సరిగ్గా అక్కడే వయొలిన్ ఏడుస్తుంది. ఆ మంచాన్ని వాళ్లు పాడె అనుకున్నారు.

సందీప్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. సంగతంతా విని, “పేరు మార్చాలంటే నలుగురం కూసోని మాట్లాడాలక్కా. జానపదం అంటెనే జనాలు వింటరు” అన్నాడు.

ఎల్లవ్వ ఫోన్ లాక్కుంది. “జానపదం ఎవలు బిడ్డా? నా పేరు ఎల్లవ్వ.”

“చూస్త అవ్వా” అని సందీప్ పెట్టేశాడు.

ఇది రాస్తున్నప్పటికీ అక్కడ ‘జానపదం’ అనే ఉంది. కట్టినవాళ్లెవరో తెలియని పాటలు ఉంటాయి, కాదనను. కానీ పల్లె గొంతు వినపడగానే అది వెయ్యేళ్ల నాటిదని, పాడినామె ఎప్పుడో పోయిందని అనుకోవడం మనకు ఎంత సులువైపోయిందో. పోయిన మనిషిని పేరు అడగాల్సిన పని ఉండదు మరి. పైగా ఇలా చేసింది ఎక్కడివాళ్లో కాదు, మన పక్క ఊళ్ల పిల్లలే. అదే నాకు ఎక్కువ కోపం. ఆల్బం బాగుంటుంది, వినండి. ఎల్లవ్వ మాత్రం పోరగాండ్ల మాటలు పడలేక ఈ ఏడాది ఆకు కాడ ఆ పాట పాడనంటోంది.

కాటారం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. సాయంత్రమైతే భూపాలపల్లి బస్సులు తగ్గిపోతాయి, దిగగానే ఆఖరి బస్సు ఎప్పుడో కనుక్కోండి. ఎల్లవ్వ ఇంటికి పోతే మాత్రం, ఆల్బంలో పాట పాడమని అడగకండి. “నీ పాట పాడవ్వా” అనండి.