పిల్లను ఎత్తుకెళ్లిన కోతి

2022 వేసవి. అప్పుడు నేను గాజువాకలో పశువైద్యురాలిని. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాడిగేదెలు, పెంపుడు కుక్కలు. కోతి కేసు ఎప్పుడో గానీ తగలదు. అలాంటిదొకటి ఆ ఏడు ఉక్కునగరం నుంచి వచ్చింది.

ఫోన్ చేసింది పైడమ్మ. ఆవిడ భర్త స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. వాళ్ల క్వార్టరు వెనక మామిడిచెట్టు మీద ఓ కోతుల గుంపు ఉండేది. అందులో ఒక తల్లికోతిని కుక్కలు కరిచాయి.

"తొడకాడ కండ ఊడొచ్చేసినాది డాక్టరమ్మా. ఈగలు ముసురుతన్నాయి. పొట్టకి పసిగుంట కూడా అంటుకుని ఉంది" అంది.

అటవీశాఖ వాళ్లు బోను తెచ్చారు. లోపల అరటిపళ్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. తల్లి కుంటుకుంటూ బోనులోకి వెళ్లింది. అంతలోనే పిల్ల దాని పొట్ట వదిలి బయటికి గెంతింది. తలుపు పడిపోయింది. తల్లి లోపల, పిల్ల బయట. మేం కదిలేలోపే చెట్టు మీంచి బలంగా ఉన్న ఇంకో ఆడకోతి దిగి, పిల్లను చంకనెత్తుకుని పైకి ఎక్కేసింది.

"అయ్యో, అట్టుకెల్లిపోనాది! తలుపు తీసేయండమ్మా!" అని పైడమ్మ అరిచింది.

తీస్తే తల్లి పారిపోతుంది. మళ్లీ బోను వంక చూడదు. గాయంలో అప్పటికే పురుగులు పడ్డాయి. వదిలేస్తే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు. బోనును వ్యాన్ ఎక్కించాం.

సెడేషన్, అంటే మత్తు ఇచ్చి, పురుగులు తీసి, కుళ్లిన కండ కత్తిరించి కట్టు కట్టాను. గాయం అనుకున్నంత లోతు లేదు. కానీ మత్తు వదులుతున్నప్పుడు అది కళ్లు పూర్తిగా తెరవకముందే రెండు చేతులతో తన పొట్ట తడుముకుంది. మళ్లీ తడుముకుంది. నేను అక్కడ నిలబడలేకపోయాను.

నా భయం వేరు. కోతుల్లో తల్లి కాని ఆడకోతి పిల్లను సాకడం మామూలే. దాన్ని అలోమదరింగ్ అంటారు. పిన్ని, పెద్దమ్మ వరసలాంటిదన్నమాట. అయితే అన్నిసార్లూ అది మంచికే జరగదు. గుంపులో పెత్తనం చేసే కోతి ముచ్చటపడి పిల్లను లాక్కుంటుంది, తిరిగి ఇవ్వదు. దానికి పాలుండవు. పిల్ల దాని గుండెలకు కరుచుకునే ఆకలితో చచ్చిపోతుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి పైడమ్మ పెరట్లోనే ఉంది. "వలేసి పట్టేయండమ్మా. నాను సీసాపాలు పడతాను. నా ముగ్గురు గుంటల్ని పెంచినాను, దీన్ని పెంచలేనేటి?"

"పెంచగలవు పైడమ్మా. కానీ మనుషుల చేతిలో పెరిగితే అది మళ్లీ గుంపులో కలవడం చాలా కష్టం. సాయంత్రం దాకా చూద్దాం. డీలా పడితే వల వేయిద్దాం."

"ఈలోపు సచ్చిపోతే?"

బట్టలుతికే బండ మీద బైనాక్యులర్స్‌తో కూర్చున్నాను.

ఎండ ముదిరాక గుంపు నీళ్లకోసం కుళాయి దగ్గరికి దిగింది. ఆ ఆడకోతి గోడమీద కూర్చుంది. దాని వెనకే ఏడాది వయసున్న దాని సొంత పిల్ల వచ్చి పాలకోసం రొమ్ము వెతికింది. ఆ ఆడకోతి దాన్ని చేత్తో పక్కకు నెట్టింది. రొమ్ము దగ్గర చోటు అప్పటికే ఇంకొకరిది. ఎత్తుకెళ్లిన పసిదాని బుగ్గలు ఆడుతున్నాయి. కాసేపటికి అది తల ఇటు తిప్పింది. మూతి చివర తెల్లటి చుక్క.

"పాలే! పైడమ్మా, పాలే!" అని అరిచేశాను.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని నవ్వేసింది. "మా సముద్దరం ఒడ్డు పేటలో మాయమ్మకి జొరమొస్తే మా పిన్నే నాకు పాలిచ్చినాదంట. దీనికీ ఓ పిన్ని దొరికిందన్నమాట."

ఒక భయం తీరింది. గాయం ఆరాక తల్లిని వెనక్కి తెచ్చిన రోజు రెండో భయం పట్టుకుంది. సాకిన కోతి పిల్లను వదులుతుందా?

బోను తలుపు తీశాం. తల్లి పరుగెత్తలేదు. రెండడుగులు వేసి, చెట్టువైపు చూస్తూ పెదాలు చప్పరించింది. 'నాతో గొడవ లేదు' అని కోతులు చెప్పుకునే తీరు అది. పిన్ని కోతి పిల్లతో దిగివచ్చి వీపు తిప్పి కూర్చుంది. తల్లి పిల్లను ముట్టుకోలేదు. పిన్ని వీపు మీది వెంట్రుకలు పాయలు తీసి శుభ్రం చేయసాగింది. మనం పేలు చూస్తోందనుకుంటాం గానీ, కోతులకు అదే చుట్టరికం.

అలా చాలాసేపు గడిచాక పిల్లే మెల్లగా జారి తల్లివైపు పాకింది. పిన్ని చెయ్యి చాచి దాని కాలు పట్టుకుంది. పైడమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పిన్ని ఆ కాలిని ఓసారి వాసన చూసి వదిలేసింది.

తల్లి పిల్లను పొట్టకు హత్తుకుని కుంటుతూనే చెట్టెక్కింది. పిన్ని వెనకాలే ఎక్కింది.

"అమ్మయ్య!" అని పైడమ్మ నేలమీద చతికిలబడింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

ఆ తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. కోతికి దెబ్బ తగిలిందని ఫోన్ వస్తే, దెబ్బ ఎక్కడని అడిగాక, గుంపు ఎక్కడుంది, దాని పక్కన ఎవరు కూర్చుని ఉన్నారు అని కూడా అడుగుతాను. నయం కాగానే పట్టుకున్న చోటే వదులుతాను. తీసుకెళ్లి దూరంగా ఏ కొండల్లోనో వదిలేయమనేవాళ్లకు ఈ సంగతి చెబుతాను. నేను మాన్పగలిగింది గాయం ఒక్కటే. మిగతాది చూసుకునేవాళ్లు ఆ చెట్టు మీదే ఉంటారు.