మూడు రిబ్బన్ల సిటీ బస్సు

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో ఒకే సిటీ బస్సుకు ఒకే పొద్దున మూడుసార్లు రిబ్బన్ కత్తిరించారు. నవ్వకండి. ఆ బస్సులో మా అక్క కూర్చుని ఉంది.

అక్కకు ఆ రోజు వరంగల్‌లో నర్సింగ్ ట్రైనింగ్ పరీక్ష. వయసు దాటిపోతోంది, ఇక రాయనిచ్చేది ఆ ఒక్కసారే. రామగుండం స్టేషన్‌లో ఎనిమిదింటికి రైలు. బాపు, అంటే మా నాన్న, మొదటి షిఫ్టు డ్యూటీకి సైకిలేసుకుని పోయాడు. సరిగ్గా ఆ రోజే స్టేషన్‌దాకా కొత్త సిటీ బస్సు మొదలవుతోందని అమ్మ ఎంత మురిసిపోయిందో... అక్కకు సద్ది కట్టిచ్చి, స్టేషన్‌దాకా నన్ను తోడు పంపింది.

చౌరస్తాలో మొదటి రిబ్బన్ మా వార్డు మెంబరు కత్తిరించాడు. మా వాడకట్టంతా ఆయన్ను కాక అనే పిలిచేది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కాక ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు కదిలి వంద గజాలు పోయిందో లేదో, ఇంకో నాయకుడి మనుషులు అడ్డం నిలబడ్డారు. వాళ్ల గల్లీ ముందు కూడా రిబ్బన్ కట్టారు. ఆ నాయకుడేమో ఇంకా స్నానం చేస్తున్నాడట...

"కాకా, నాకు రైలున్నది. పరీక్షకు పోవాలె" అంది అక్క.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, బస్సు మనదే గద. అయిదు నిమిషాలు."

దిగి ఆటో ఎక్కుదామంటే, ఊళ్లో ఉన్న ఆ నాలుగు ఆటోలూ మైకులు కట్టుకుని మా బస్సు ముందే ఊరేగుతున్నాయి.

మూడో రిబ్బన్ మున్సిపల్ చైర్మన్‌ది. మూడు దెబ్బలు కొట్టినా కొబ్బరికాయ పగల్లేదు. శకునం బాగా లేదని ఇంకోటి తెమ్మని మనిషిని బజారుకు పంపారు. ఖర్మ కాకపోతే ఏమిటి...

మేం చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. ఏనాడూ వేళకు రాని రైలు ఆ రోజే వేళకు వచ్చి వెళ్లిపోయింది. అక్క బెంచీ మీద కూర్చుని హాల్‌టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

సాయంత్రం కాక మా ఇంటికొచ్చాడు. "ముందుగాల్నే చెప్పద్దా అన్నా? రైలును ఆపిస్తుంటి గద."

"రైలును ఆపుడెందుకు? నువ్వు బస్సును ఆపకుంటే సరిపోతుండె" అని బాపు లోపలికి వెళ్లిపోయాడు.

ఏ నాయకుడి గల్లీ మీదుగా పోవాలో తేలక ఆ బస్సు కూడా కొన్నాళ్లకే ఆగిపోయింది.

ఇప్పుడు చౌరస్తాలో మళ్లీ ఫ్లెక్సీలు... ఈసారి ట్రాం అట. పట్టాల మీద, కరెంటుతో, ఖని నుంచి స్టేషన్‌దాకా. రోడ్డు మీద గుంతలు పూడ్చే దిక్కు లేదు కానీ, ట్రాం! శంకుస్థాపనకు మంగళహారతులతో రమ్మని మొన్న మా గల్లీ ఆడవాళ్లను పిలవడానికి వచ్చారు.

"ఆ పొద్దు ఎవ్వలకన్నా పరీక్ష ఉన్నదేమో అడిగిండ్రా?" అంది అక్క. వాళ్లకు అర్థం కాలేదు. కార్డు చేతిలో పెట్టి పోయారు.

అక్క ఇప్పుడు ఒక ప్రైవేటు దవాఖానలో ఓపీ చీటీలు రాస్తుంది. ఎవరైనా "నర్సమ్మా" అని పిలిస్తే, "నేను నర్సును కాదు" అని ఇప్పటికీ ప్రతిసారీ చెప్తుంది.

మీ ఊళ్లో కూడా నాయకుల సంబరానికి ఎవరి రైలైనా తప్పిపోయి ఉంటే కింద రాయండి... అక్కకు చదివి వినిపిస్తాను.