జపాన్ పాట నంబర్ వన్ అయిన రోజు

కరోనా రెండో చలికాలంలో నేను జర్మనీలోని ఇల్మెనౌలో మాస్టర్స్ చదువుతున్నాను. క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. హాస్టల్లో మా అంతస్తుకంతా ఒకటే వంటగది. నా పక్క గదిలో ఒక జపాన్ అమ్మాయి ఉండేది. ఆమెకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, నాకు జర్మన్ మాట్లాడాలంటే భయం. అందుకే మూడు నెలలైనా మా మధ్య ‘హలో’ దాటి మాట నడవలేదు.

ఒకరోజు ఆమెకు పాజిటివ్ వచ్చింది. గది దాటి రాకూడదన్నారు. పూటకింత పప్పూ అన్నం ఆమె గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, దూరంగా జరిగేదాన్ని.

ఆ వారమే, నేను ప్రాణంగా వినే కొరియా బృందం జపనీస్‌లో ఒక పాట విడుదల చేసింది. పరాయి భాషలో అంత హాయిగా పాడుతుంటే నాకు ముచ్చటేసింది. పదేపదే విని, పాటంతా తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్కులో రాసుకున్నాను. అన్నం పెట్టి వస్తూ నడవాలో పాడుకుంటుంటే తలుపు వెనక నుంచి నవ్వు వినిపించింది.

“యుకి కాదు, యూకి” అంది ఆమె జర్మన్‌లో. “నువ్వు పాడేది మంచు. వాళ్లు పాడేది ధైర్యం.”

తేడా అంతా ఒక్క దీర్ఘంలోనే ఉంది. నోట్‌బుక్కులో కొమ్ము చెరిపి దీర్ఘం ఇచ్చాను. ఇంకా ఏమేం తప్పులున్నాయని అడిగాను. చాలా ఉన్నాయంది. ఆ రోజు నుంచి పూటకో చరణం. ఆమె తలుపుకు అటు, నేను ఇటు, నేల మీద కూర్చుని.

కింది అంతస్తులో ఉండే వరంగల్ స్నేహితురాలికి ఇది నచ్చలేదు. “జర్మన్ పరీక్ష వెట్టుకొని జపనీస్ నేర్సుకుంటున్నవా? ఏమన్న అయిందానే నీకు?”

“ఆమెతోని జర్మన్లనే కదనే మాట్లాడుతున్న” అన్నాను. అన్నాక గానీ నాకే తట్టలేదు. వారం రోజులుగా తడుముకోకుండా మాట్లాడుతున్నాను.

ఆమె క్వారంటైన్ ముగిసిన మర్నాడు నా తలుపు దబదబా మోగింది. తెరిచేసరికి రెండు మీటర్ల దూరంలో మాస్కుతో నిలబడి, ఫోన్ చాచి చూపిస్తోంది. జపాన్ చార్టులో మా పాట మొదటి స్థానంలో ఉంది. ఇద్దరం పరుగున పెరట్లోకి దిగి, మంచులో ఎడంగా నిలబడి, గొంతెత్తి పాడాం. ఒక్కో కిటికీ తెరుచుకుంది.

భవనం చూసుకునే హౌస్‌మైస్టర్ పార పట్టుకుని వచ్చాడు. “మధ్యాహ్నం ఒంటిగంట నుంచి విశ్రాంతి వేళ, చప్పుడు చేయకూడదు” అన్నాడు.

“ఇంకా పది నిమిషాలున్నాయండి. పాట మూడున్నర నిమిషాలే” అన్నాను, ఎక్కడా ఆగకుండా, జర్మన్‌లో.

ఆయన వాచీ చూసుకున్నాడు. “అయితే రెండుసార్లు పాడొచ్చు” అని, పార మంచులో గుచ్చి నిలబడ్డాడు.

రెండోసారికి పల్లవి కిటికీల్లోంచి కూడా వచ్చింది. అందరికంటే గట్టిగా, అన్నీ తప్పులతో పాడింది మా వరంగల్ పిల్లే.