భోజనం పెట్టి అడిగిన మాట

పూలమ్ముకునే కంపెనీకి సాఫ్ట్‌వేర్ ఎందుకయ్యా అని మొదట్లో వెటకారం చేసింది నేనే. తీరా చూస్తే దాన్ని ఎంపిక చేసే పని నా నెత్తినే పడింది. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల రైతుల దగ్గర బంతి, చామంతి, గులాబీ కొని సిటీ దుకాణాలకు పంపడం మా వ్యాపారం. రైతు, డ్రైవరు, దుకాణందారు, ఆఫీసు అందరూ ఆర్డర్లూ రేట్లూ ఒకేచోట చూసుకునే పోర్టల్ కావాలని మా ఓనరుకు కోరిక పుట్టింది.

అప్పటిదాకా మా పోర్టల్ అంటే, రైతుల పూలు దించుకునే మా చేవెళ్ల సెంటర్లో ఫోన్ దగ్గర కూర్చునే అక్కే. ఏ పువ్వు కోయాలి, ఏది ఇంకో రోజు చెట్టు మీద ఉంచాలి, అన్నీ రైతులకు ఆమే చెప్పేది. మధ్యలో కోడలి జ్వరం, కూలీల అలకలు కూడా ఓపిగ్గా వినేది. ఇక ఫోన్ పెట్టెయ్యమని నేను విసుక్కుంటే, "నీకేం తెల్వది, ఊకో తమ్మీ!" అని గదిమేది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లు వరసగా వచ్చి గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించారు. వ్యాపారం వైపు నుంచి చూడమని ఓనరు మరీ మరీ చెప్పాడు కాబట్టి నేను ఆ సోకులకు పడిపోలేదు. సిగ్నల్ పోతే ఆర్డరు ఏమవుతుంది, తెలుగులో చదవొచ్చా, రేపు మేం వద్దనుకుంటే మా వివరాలు మాకు తిరిగిస్తారా అని వాళ్లను పీక్కుతిన్నాను. చివరికి ఒకటి నిలిచింది. ఇక మిగిలింది ఒకటే, రైతులు దాన్ని వాడగలరా అన్నది. వాడగలిగితే చేవెళ్ల సెంటరు మూసేద్దాం, కష్టమంటే సెంటరూ అక్కా ఉంటారు అని ఓనరు తేల్చేశాడు.

ఆ సంగతి అక్కకు నేనే చెప్పాను. "మనోళ్లు నన్ను ఇడిసిపెట్టరు తియ్యి," అంది. నాకూ అదే ధైర్యం.

కనకమామిడిలో ఓనరు స్నేహితుడి ఫామ్‌హౌస్‌కు రైతులను పిలిచాం. పిలిచి ఉత్త కడుపుతో పంపిస్తామా అని భోజనాలు పెట్టించాడు ఓనరు. వంట అక్క తనే మీదేసుకుంది. బగారన్నం, కోడికూర. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, కొంగు బిగించి, ఒక్కొక్కరినీ అడిగి అడిగి వడ్డించింది. "ఇంక జర ఏసుకో అన్నా, సిగ్గేంది!" అంటూ ఎవరినీ లేవనివ్వలేదు. అందరూ కడుపునిండా తిన్నాక ఫోన్లు పట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అతను ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కారు. ఎట్లున్నదని అడిగాం.

"మంచిగున్నది సార్."

"మస్తున్నది. గింత అల్కగనా!"

ఒక్కరంటే ఒక్కరు కష్టమనలేదు. గిన్నెలు సర్దుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. వెళ్తూ వెళ్తూ వాళ్లంతా ఆమె దగ్గరికొచ్చి కూర బాగుందని చెప్పి మరీ పోయారు. రైతులు వాడగలరా అన్నదానికి నేను నిండుగా మార్కులు వేశాను. ఏం చెయ్యను, వాళ్ల నోటితో వాళ్లే చెప్పారు కదా.

సెంటరుకు తాళం పడింది. మెల్లగా పోర్టల్లో మా ఆర్డర్లు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి, పూలు మాత్రం రావడం తగ్గింది. రైతులు గొడవ చెయ్యలేదు, ఫిర్యాదూ చెయ్యలేదు. ఫోన్ ఎత్తి మాట్లాడే ఇంకో వ్యాపారికి ఇచ్చుకున్నారు, అంతే. ఆ రోజు భోజనానికొచ్చిన రైతు ఒకాయన చేవెళ్ల మార్కెట్లో ఎదురైతే నాకు ఒళ్లు మండింది.

"ఆ పొద్దు మంచిగున్నదంటివి గదన్నా! ఇప్పుడు గిట్ల చేస్తివేంది?" అని నిలదీశాను.

ఆయన తల గోక్కున్నాడు. "పిలిచి, కోడికూరతోని అన్నం పెట్టి అడిగితిరి. తిన్న నోటితోని బాగలేదని ఎట్లంటం సార్? అక్క అంత కష్టపడి చేసె. ఆమె ముంగట వంక పెడితే మంచిగుంటదా?"

"ఆమె నౌకరే పోయింది కదన్నా."

"పోతదని మాకెవలు చెప్పిన్రు?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

నా కోపం చప్పున చల్లారిపోయింది. నేనూ ఈ మట్టిలో పుట్టినవాణ్ణే. అన్నం పెట్టిన చోట మేం ఎంత మొహమాటపడతామో నాకు తెలియనిదా? సిగ్నల్ గురించి అన్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి, ముందు అడిగి తర్వాత వడ్డిద్దామన్న ఒక్క మాట తోచలేదు. అక్క తన చేతులతో తనే వడ్డించింది, పాపం. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మొన్న పనిమీద చందనవెల్లి ఫ్యాక్టరీ వైపు వెళ్తే రోడ్డు పక్కన అక్క కనిపించింది. కొత్తగా టిఫిన్ బండి పెట్టుకుంది. "ఎన్ని దినాలాయె తమ్మీ!" అంటూ, వద్దన్నా వినకుండా ఇడ్లీ పెట్టింది, ఛాయ్ పోసింది. తింటూ చుట్టూ చూశాను. వ్యాపారం వైపు నుంచి చూడటం నాకు రోగంలా పట్టుకుంది. ఫ్యాక్టరీ గేటు అవతలి పక్క, ఎక్కడో దూరంగా ఉంది. బస్సులు జనాన్ని లోపలికే తీసుకుపోతున్నాయి. ఈ పక్కన ఆగేవాళ్లే లేరు. బండిని గేటు దగ్గరికి జరుపుకో అక్కా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎట్లున్నది తమ్మీ నా బండి? నడుస్తదంటవా?" అని నా మొహంలోకి ఆశగా చూస్తూ ఇంకో ఇడ్లీ వేసింది.

"మంచిగున్నదక్కా," అన్నాను. "మస్తు నడుస్తది."